బాతు అరికాలి పుండు: బ్లేడు పక్కన పెట్టండి, ముందు వాకిలి చూడండి

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా, హాలియా దగ్గర ఊరు. మా పాప రెండేళ్ల నుంచి రెండు తెల్ల బాతులను సాదుకుంటున్నది. పది రోజులైంది, అందులో పెద్దది కుడికాలు కుంటుతున్నది. ఎత్తి చూస్తే అరికాలి నడుమ నల్లటి పక్కు ఉంది, చుట్టూ శనగగింజంత ఉబ్బింది. మేత తింటున్నది, గుడ్డు కూడా పెడుతున్నది. మా ఆయన ఫోన్‌ల వీడియో చూసి, బ్లేడుతో కోసి లోపలి గడ్డ తీసేస్తే నయమైతదంటున్నడు. పక్కింటి పెద్దమ్మ జిల్లేడు పాలు పొయ్యమన్నది. మా అత్తమ్మ మాత్రం ఇదంతా ఫ్లోరైడ్ నీళ్లతోనే వచ్చింది, మందులకు తగ్గదు, కోసుకొని తినుడే నయమంటున్నది. పాప ఏడుస్తున్నది. ఇంట్లనే మందు చేసుకోవచ్చా? రెండోదానికి అంటుకుంటదా? గుడ్లు తినొచ్చా? ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కంకర ఇంకా వాకిట్లనే ఉంది, బాతులు దాని మీదనే తిరుగుతయి. ఇది కూడా చెప్పాలని రాస్తున్న.

సమాధానం: చెల్లెమ్మా, ముందుగా పాపకు ధైర్యం చెప్పండి. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఇది ఇంకా తొలిదశలోనే ఉంది. మేత తింటోంది, గుడ్డు పెడుతోంది, ఒక్క కాలికే ఉంది, వాపు శనగగింజ దాటలేదు. ఈ దశలో ఓపికగా చూసుకుంటే ఇంటి దగ్గరే తగ్గే అవకాశం బాగా ఉంది. అయితే ఉత్తరం చివర్లో రాశారే, కంకర సంగతి, నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన వాక్యం అదే. పుండు కాలికి వచ్చింది గానీ దాన్ని తెచ్చింది నేల. ఎంత మంచి మందు రాసినా బాతు మళ్లీ అదే కంకర మీద నడిస్తే పక్కు మళ్లీ కడుతుంది.

పశువైద్యులు దీన్ని బంబుల్ ఫుట్ అంటారు. కోళ్లకు వస్తుంది, నెమళ్లకు వస్తుంది, పంజరంలో పెంచే డేగలకూ వస్తుంది. బాతుకు ఎక్కువగా రావడానికి కారణం దాని పాదమే. ఆ పాదం నీళ్లలో ఈదడానికి, మెత్తటి బురదలో నడవడానికి ఏర్పడింది. అడుగున చర్మం పలుచన. మీరు చెప్పిన తెల్ల బాతు పెకిన్ జాతిది అయితే బాగా మేసినది మూడు, నాలుగు కిలోలు తూగుతుంది. ఆ బరువంతా రెండు చిన్న పాదాల మీద, అదీ రోజంతా కంకర మీద, సిమెంటు గచ్చు మీద పడుతుంటే అరికాలిలో ముందు ఆనె కడుతుంది. ఆనె పగులుతుంది. లేదా కంప ముల్లు ఒకటి గుచ్చుకుంటుంది. ఆ సందులోంచి స్టాఫైలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి లోపలికి దిగుతుంది. చాలా కేసుల్లో దోషి ఇదే. ఇది ఎక్కడి నుంచో రానక్కర్లేదు, పక్షి చర్మం మీద, మన చర్మం మీద మామూలుగానే ఉంటుంది. తడి గడ్డి, రెట్ట ఉన్నచోట ఇ.కోలై అనే పేగుల సూక్ష్మజీవి లాంటివి కూడా తోడవుతాయి.

ఇప్పుడు బ్లేడు సంగతి. మనకు సెగ్గడ్డ వస్తే చీము పలుచగా ఉంటుంది, నోరు తెరిస్తే కారిపోతుంది, నొప్పి తగ్గుతుంది. మీ ఆయన మనసులో ఉన్నది అదే అయ్యుంటుంది. పక్షి చీము అలా ఉండదు. చీమును కరిగించే రసాయనాలు కొన్ని మన తెల్ల రక్తకణాల్లో ఉంటాయి, పక్షి కణాల్లో అవి ఉండవు. అందుకే దాని చీము గట్టిపడి, ఎండిన జున్ను ముక్కలా పసుపు రంగులో ముద్ద కడుతుంది. కోస్తే కారేది రక్తమే. ఆ ముద్దను తీయాలంటే చుట్టూ ఉన్న కండ నుంచి విడదీయాలి. దాని పక్కనే వేళ్లను కదిపే నరాలు, స్నాయువులు పోతుంటాయి, కిందనే ఎముక ఉంటుంది. మత్తు లేకుండా, వెలుతురు లేకుండా, ఇంట్లో వాడే బ్లేడుతో అక్కడ చెయ్యి పెడితే అరికాలి పుండు కాస్తా కీలులోకి దిగుతుంది. బాతు నొప్పికి పెద్దగా అరవదు, బిగుసుకుని ఊరుకుంటుంది. వీడియోలో చూసేవాళ్లకు దానికి నొప్పి లేదనిపిస్తుంది. నొప్పి ఉంది. కోత అవసరమైన పుండ్లూ ఉంటాయి, కాదనను. వాటిని డాక్టరు మత్తిచ్చి కోస్తారు. శనగగింజంత వాపుకు ఆ అవసరం రాలేదు.

ఇంటి వైద్యానికి ముందు పట్టుకోవడం నేర్చుకోవాలి. కోడిని పట్టినట్టు బాతును కాళ్లు పట్టుకుని ఎత్తకూడదు. బాతు కాళ్లు బలహీనం, కుంటే కాలు కాస్తా విరిగే కాలు అవుతుంది. రెక్కలు మూసి ఉండేలా రెండు చేతులతో వీపు మీదుగా ఒడిసిపట్టి, పాత తువ్వాలు చుట్టి, చంకలో తల వెనక్కి వచ్చేలా పెట్టుకోండి. కళ్ల మీద పలుచటి గుడ్డ కప్పితే నెమ్మదిస్తుంది. ముక్కు రంధ్రాలు మాత్రం మూయొద్దు. ఇది ఇద్దరు చేయాల్సిన పని. ఒకరు పట్టుకోవాలి, ఒకరు కాలు చూడాలి. మీ ఆయనకు పట్టుకునే పని అప్పజెప్పండి. పుండు ముట్టే వాళ్లు చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకోవాలి. ఆ సూక్ష్మజీవి మనుషుల పుండ్లలోనూ చేరుతుంది గనుక ఈ జాగ్రత్త ఇద్దరికీ మంచిదే.

మందుల దుకాణంలో తెచ్చుకోవాల్సినవి కొన్నే. ఎప్సమ్ సాల్ట్, అంటే మెగ్నీషియం సల్ఫేట్. ఎరువుల దుకాణంలో కూడా ఇదే పేరుతో సంచులు అమ్ముతారు, అది చేలకు చల్లేది, అది వద్దు, మందుల దుకాణంలోదే తీసుకోండి. బెటాడిన్ ద్రావణం, అదే పొవిడోన్ అయోడిన్. సీసా మీద సర్జికల్ స్క్రబ్ అని ఉంటే అందులో సబ్బు కలిసి ఉంటుంది, అది కాకుండా సొల్యూషన్ అని ఉన్నది అడగండి. బెటాడిన్ మలాము ఒక ట్యూబు. గాజు గుడ్డ, అంటే పుండ్ల మీద వేసే పలుచటి జల్లెడ లాంటి బట్ట (గాజ్), ఆ బట్టతోనే చేసిన పట్టీ, అంటుకునే టేపు. అంతే.

రోజూ సాయంత్రం, బాతు మేత తిని నీళ్లు తాగాక మొదలుపెట్టండి. పసిపిల్లకు పోసే నీళ్లంత గోరువెచ్చగా ఒక టబ్బులో నీళ్లు తీసుకుని, లీటరుకు రెండు పెద్ద చెంచాల ఎప్సమ్ సాల్ట్ కలపండి. పాదాలు, మడమ మునిగేంత లోతు చాలు. పది నుంచి పదిహేను నిమిషాలు నిలబెట్టండి. ఇక్కడ ఒక జాగ్రత్త. బాతు తన ముందున్న ప్రతి నీటినీ తాగి చూస్తుంది. ఈ ఉప్పు నీళ్లు తాగితే విరేచనాలు పట్టుకుంటాయి. అందుకే ముందుగా మంచినీళ్లు కడుపునిండా తాగనివ్వాలి, టబ్బులో ఉన్నంతసేపూ తల పైకి ఉండేలా ఎవరో ఒకరు పట్టుకోవాలి.

తీశాక కాలును శుభ్రమైన గుడ్డతో అద్ది ఆరబెట్టండి, రుద్దొద్దు. బెటాడిన్‌ను కాచి చల్లార్చిన నీటిలో పలుచటి టీ రంగు వచ్చేదాకా కలిపి దానితో పుండును, దాని చుట్టుపక్కల చర్మాన్ని కడగండి. నేరుగా సీసాలోంచి చిక్కటిది రోజుల తరబడి పోస్తే కొత్తగా పుట్టే చర్మాన్నే కాల్చేస్తుంది. మూడు నాలుగు రోజులు నానాక పక్కు అంచు తనంతట తాను లేస్తుంది. గాజు గుడ్డతో మెల్లగా తుడిస్తే వచ్చేస్తే రానివ్వండి. రాకపోతే గోరు పెట్టి పీకొద్దు, మర్నాడు మళ్లీ నానబెట్టండి. పక్కు ఊడాక ముల్లు మొన బయటికి కనిపిస్తే, మరిగించిన చిమటాతో అది దిగిన దారినే వెనక్కి లాగండి. లోపల ఉందేమోనన్న అనుమానంతో మాత్రం తవ్వి వెతకొద్దు. రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు వదలకుండా నొక్కిపట్టండి.

తర్వాత పలుచగా మలాము రాసి, నాలుగు మడతల గాజు గుడ్డ ముక్క పెట్టి, పట్టీ కట్టండి. బాతు వేళ్ల మధ్య తోలు ఉంటుంది కాబట్టి కోడికి కట్టినట్టు వేళ్ల సందుల్లోంచి పట్టీ పోనివ్వడం కుదరదు. పాదం మొత్తాన్ని కింద నుంచి పైకి చుట్టి, మడమ పైన ఒక చుట్టు తిప్పి, టేపు వేయాలి. గోళ్ల కొసలు బయటికి కనబడాలి. గంట తర్వాత చూడండి. వేళ్లు చల్లబడినా, రంగు పాలిపోయినా, నీలంగా మారినా పట్టీ బిగుసుకుందని అర్థం, వెంటనే విప్పండి. రోజుకొకసారి మార్చాలి. తడిస్తే అప్పటికప్పుడే మార్చాలి. తడిసిన పట్టీ కన్నా అసలు పట్టీ లేకపోవడమే మేలు.

మరి ఈత మాన్పించాలా? చెరువు, పొలం కాల్వ, వాకిట్లో నిలిచిన నీళ్లు, ఇవి పుండు మానేదాకా వద్దు. ఈత మొత్తానికే మాన్పిస్తే మాత్రం తప్పు. నీళ్లలో ఉన్నంతసేపు కాళ్ల మీద బరువు ఉండదు. అదీగాక నీళ్లు తగలని బాతు పాదం ఎండి, కొత్తచోట పగులుతుంది. అందుకే పట్టీ విప్పిన తర్వాత, మందు పెట్టే ముందు, తేటనీళ్లు నింపిన పెద్ద టబ్బులో పావుగంట ఈదనివ్వండి. ఆ తర్వాతే ఎప్సమ్ సాల్ట్, మందు, పట్టీ. ఈ వరస పెట్టుకుంటే బాతుకూ ఆ వేళ అలవాటవుతుంది, పట్టుకునేటప్పుడు పెనుగులాట తగ్గుతుంది.

రోజూ పట్టీ విప్పినప్పుడు ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి, పక్కన స్కేలు పెట్టి తీస్తే ఇంకా మంచిది. రోజూ చూసే కంటికి తేడా తెలియదు. వారం తర్వాత మొదటి ఫొటోతో పోల్చండి. వాపు తగ్గి, పక్కు చిన్నదై, కుంటు తగ్గితే మీ దారి సరైనదే, కొత్త చర్మం పూర్తిగా మూసుకునేదాకా మరో వారం, రెండు వారాలు కొనసాగించండి. కుంటు తగ్గింది కదా అని నాలుగో రోజే ఆపేయొద్దు. వారానికి ఏ మార్పూ లేకపోతే, లేదా పెరిగితే, ఇంటి వైద్యం అక్కడితో ఆపి దవాఖానకు తీసుకుపోండి.

వారం దాకా ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. వాపు మడమ దాటి పైకి ఎక్కినా, పాదం ముట్టుకుంటే కాలుతున్నా, రెండో కాలు కూడా వాచినా, బాతు లేవకుండా కూర్చునే ఉన్నా, మేత మానేసినా, పుండులో పురుగులు కనబడినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. వానాకాలంలో ఈగ వాలిన పుండుకు ఒక్కరోజులో పురుగు పడుతుంది. గొడ్లకు పోసినట్టు టర్పెంటైన్, ఫినాయిలు, కిరోసిన్ బాతుకు పోయకండి, పక్షి చర్మం వాటిని లోపలికి పీల్చుకుంటుంది. ఇంకొకటి, అరికాలు శుభ్రంగా ఉండి కూడా రెండు కాళ్లూ పడిపోయి, తర్వాత మెడ కూడా నిలపలేకపోతే అది ఈ జబ్బే కాదు. ఎండాకాలం ఇంకిపోయే కుంటల్లో కుళ్లిన చేపలు, పురుగులు తిన్న బాతులకు బొటులిజం అనే విషం ఎక్కి అలా అవుతుంది. అప్పుడు గంటలు కూడా విలువైనవే.

జిల్లేడు పాల గురించి పెద్దమ్మ చెప్పింది మంచి మనసుతోనే. ముల్లు దిగినచోట ఆ పాలు పోస్తే ముల్లు పైకి తేలుతుందని మన ఊళ్లలో పాత నమ్మకం. కానీ ఆ పాలు చర్మాన్ని పొక్కిస్తాయి. బాతు ముక్కుతో కాలును గోక్కుంటుంది, ముక్కుకు అంటిన పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. సున్నం బెల్లం పట్టీ కూడా అంతే, పుండు మీద సున్నం కాలుస్తుంది. పసుపు విషం కాదు గానీ, పొడి మెత్తితే గట్టి పొరలా కట్టుకుని కింద ఏం జరుగుతోందో కనబడనివ్వదు. వేపాకు మరిగించి వడకట్టిన నీళ్లతో పాదాలు కడిగితే నష్టం లేదు. తేనె మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది. పక్కు ఊడి పచ్చిగా ఉన్న పుండుకు కల్తీలేని తేనె పలుచగా రాసి పట్టీ కట్టొచ్చు, అచ్చంపేట, అమ్రాబాద్ వైపు నల్లమల తేనె మీకు దొరక్కపోదు. చీమలు పట్టకుండా చూసుకోగలిగితేనే ఆ పని చేయండి.

ఇంట్లో మిగిలిపోయిన మలాముల విషయంలో చాలా జాగ్రత్త. తామరకని, దురదకని దుకాణంలో ఇచ్చే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ట్యూబు మీద క్లోబెటసాల్, బెటామెథసోన్ అనే పేర్లుంటే అది పుండును మాననివ్వదు, చీమును పెంచుతుంది. లిగ్నోకెయిన్, బెంజోకెయిన్ అని కెయిన్‌తో ముగిసే మొద్దుబార్చే మందులు పక్షులకు ప్రమాదం. డెట్టాల్ చిక్కగా పోయొద్దు, హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ పోయొద్దు. నొప్పి మాత్రలు అసలే వద్దు. డైక్లోఫెనాక్ పక్షుల మూత్రపిండాలను పాడు చేస్తుంది. పశువులకు వేసిన ఆ మందు వల్లనే మన దేశంలో రాబందులు కుప్పలుగా చనిపోయాయి, అందుకే 2006లో పశువైద్యంలో దాని వాడకాన్ని నిషేధించారు. నొప్పికి ఏది ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి. యాంటీబయాటిక్ కూడా అంతే. కోళ్ల ఫారాల వాళ్ల దగ్గర పొడి అడిగి తెచ్చి నీళ్లలో కలపడం మన దగ్గర మామూలైపోయింది. అలా విచ్చలవిడిగా వాడినందుకే కోలిస్టిన్ అనే మందును ఆహారం కోసం పెంచే పశుపక్ష్యాదులకు వాడకుండా 2019లో కేంద్రం నిషేధించింది. ఏ మందు పనిచేస్తుందో తెలియాలంటే పుండు నుంచి దూదితో తీసిన నమూనా పరీక్షించాలి.

మండలంలో కోళ్ల డాక్టరు లేరని వెనకాడొద్దు. సర్కారు పశువుల దవాఖానలో ఉండే డాక్టరు పక్షుల వైద్యం కూడా చదివినవారే. పోలేని పరిస్థితిలో 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెప్తారు. ఎక్స్‌రే తీసి ఎముకకు పాకిందో లేదో చూడాలన్నా, మత్తిచ్చి కోయాలన్నా హైదరాబాద్‌లో రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు ఆ ఫొటోలన్నీ చూపించండి, ఏమేం రాశారో దాచకుండా చెప్పండి. బాతు గుడ్లు పెడుతోందని, వాటిని ఇంట్లో తింటారని కూడా చెప్పండి, మందు ఎంపికలో అది అవసరం.

ఇక అత్తమ్మ మాట. నల్లగొండలో కాలు వంకరైతే, నడుము వంగితే ముందు ఫ్లోరైడే గుర్తొస్తుంది. మునుగోడు, మర్రిగూడ వైపు ఆ నీళ్లు తరాల ఎముకలను వంచాయి. పటిక, సున్నంతో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే విధానానికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు స్థిరపడింది. కాబట్టి ఆమె భయాన్ని తేలిగ్గా తీసుకోను. అయితే ఫ్లోరైడ్ చేసేది ఎముకలకు, పళ్లకు, కీళ్లకు. అది ఒక్క పాదం అడుగున నల్లపక్కు కట్టించదు, ఒక్క కాలినే ఏరుకోదు. ఈ పుండుకు కారణం నీళ్లు కాదు, వాకిలే. బాతుకు కూడా మీరు తాగే మిషన్ భగీరథ కుళాయి నీళ్లే పోస్తే ఆమె మనసుకూ నెమ్మది. కోసుకుని తినాలన్న మాటకు మాత్రం ఒప్పుకోవద్దు. చీము పట్టిన పక్షిని వండుకోవడం ఇంట్లో ఎవరికీ మంచిది కాదు.

వాకిలి పని మందుతో పాటు ఈ రోజే మొదలుపెట్టండి. కంకరను ఎత్తించి బాతులు పోలేని మూలకు చేర్చండి. చిన్న పలుకులు మట్టిలో కూరుకుపోయి మిగులుతాయి, వాటి మీద మెత్తటి ఎర్రమట్టో వాగు ఇసుకో పోయించండి. కంచెకు సర్కారు తుమ్మ కంప వేసి ఉంటే దాని కింద రాలిన ముళ్లు ఊడ్చేయాలి. ఎండినా ఆ ముల్లు మొన పోదు, మన చెప్పుల్లోంచే దిగుతుంది. షాబాద్ బండలు, సిమెంటు గచ్చు ఉన్నచోట మే నెలలో మధ్యాహ్నం పాదం కాలిపోతుంది. కాలిన చర్మం పొక్కి, అక్కడే పుండు పడుతుంది. అక్కడ గోనెసంచులు పరిచి తడుపుతూ ఉండండి, లేదా నీడ కట్టండి. అరుగు మీద నుంచి దూకే అలవాటుంటే ఆ దెబ్బ నేరుగా అరికాలికే తగులుతుంది, ఒక పలకను వాలుగా పెట్టి దాని మీద గోనెపట్టా కొట్టండి.

రాత్రి పడుకునే చోట వరిగడ్డి బెత్తెడు మందం ఉండాలి. బాతు రెట్ట నీళ్లనీళ్లగా ఉంటుంది, కోళ్లకు వారం ఆగే గడ్డి బాతులకు రెండు రోజులు కూడా ఆగదు. చేత్తో పిడికెడు తీసి పిండితే తడి తగిలిందంటే మార్చాల్సిందే. మిర్యాలగూడ మిల్లుల ఊక మీకు సులువుగా దొరుకుతుంది, అడుగున ఊక పోసి పైన గడ్డి వేస్తే తడిని పీలుస్తుంది. బూజు పట్టిన గడ్డి మాత్రం వద్దు. నీళ్ల తొట్టిని పడుకునే చోట పెట్టకండి. తొట్టి చుట్టూ బురద అయ్యేదే, రెండు మూడు రోజులకోసారి దాని చోటు మార్చితే ఎక్కడా మురుగు నిలవదు. రోగం పోవాలని కొందరు నేలమీద సున్నం చల్లుతారు. చల్లితే అది బాగా ఆరాక, ఊడ్చేసి, కొత్తగడ్డి పరిచాకే బాతులను వదలాలి. తడి కాళ్లకు సున్నం అంటితే ఉన్న పుండు రెండింతలవుతుంది.

మేత గురించి కూడా ఒకసారి ఆలోచించండి. పాప ముద్దుతో అన్నం, బొరుగులు, బిస్కెట్లు పెడుతుండవచ్చు. పెంపుడు బాతు బరువెక్కేది అక్కడే. రొమ్ము ఎముక మీద వేలు పెట్టి చూడండి, చర్మం కింద ఎముక అంచు తగలాలి. కొవ్వులో మునిగిపోయి అసలు తగలకపోతే బరువు ఎక్కువైనట్టు. ఒక్కసారిగా కడుపు మాడ్చకుండా అన్నం తగ్గించి ఆకుకూర పెంచండి. చర్మం గట్టిగా ఉండాలంటే విటమిన్ ఎ కావాలి, తెల్ల అన్నంలో అది లేదు. పసుపుపచ్చ మక్కలు, మునగాకు, తోటకూర, పాలకూరలో ఉంటుంది. గుడ్లు పెట్టే కోళ్లకు వాడే దాణా సగం దాకా కలిపితే మాంసకృత్తులు, కాల్షియం అందుతాయి. ముందు ముందు పిల్లలను తెచ్చుకుంటే, కోడిపిల్లల కన్నా బాతుపిల్లలకు నయాసిన్ అనే విటమిన్ ఎక్కువ కావాలని గుర్తుంచుకోండి. అది తగ్గితే కాళ్లు వంకరపోతాయి, అప్పుడు కూడా ఊళ్లో నీళ్లనే తిడతారు.

పల్లీల దగ్గర మాత్రం గట్టిగా చెప్తున్నాను. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి పల్లీ, పల్లీ చెక్క మన దగ్గరికి చవకగానే వస్తాయి. వాటికి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో బూజు పట్టిన పల్లీ పిండి తిని టర్కీ కోళ్లు లక్షకు పైగా చనిపోయిన తర్వాతే ఈ విషం బయటపడింది. పెంపుడు పక్షుల్లో దీనికి అందరికన్నా ముందు కూలేది బాతుపిల్ల. కాలిజబ్బు మాన్పుకుంటూ కాలేయం పోగొట్టుకోవద్దు. మక్కలైనా పల్లీలైనా వాసన మారితే పారేయండి, గొడ్లకు కూడా వేయకండి.

రెండో బాతుకు అంటుకుంటుందా అన్నారు. ఇది ఒకదాని నుంచి ఇంకోదానికి గాలిలో పోయే జబ్బు కాదు. కానీ రెండూ తిరిగేది ఒకే నేల. కాబట్టి ఈ సాయంత్రమే రెండోదాన్ని కూడా ఎత్తి రెండు అరికాళ్లూ చూడండి. చర్మం ఎర్రబడినా, గట్టిగా మెరుస్తూ ఆనె కట్టినా ఇంకా పుండు కాలేదనే లెక్క, మెత్తటి నేల ఒక్కటే దానికి మందు. జబ్బు బాతును పూర్తిగా వేరు చేసి మూల గదిలో పెడితే బెంగపెట్టుకుని మేత మానేస్తుంది. జాలీ అడ్డం పెట్టి, రెండూ ఒకదాన్నొకటి చూసుకునేలా ఉంచండి.

గుడ్ల సంగతి. పైన చెప్పిన కడుగుడు, మలాము వరకే అయితే, కొద్ది రోజులు ఆ బాతు గుడ్లను పక్కన పెట్టడం నా సలహా. పుండు కాలితోనే గుడ్డు మీద కూర్చుంటుంది కదా, పెంకుకు చీము అంటుతుంది. అయోడిన్ కూడా కొంత లోపలికి పోతుంది. డాక్టరు యాంటీబయాటిక్ సూదిమందు గానీ, తాగే మందు గానీ ఇస్తే, చివరి మోతాదు తర్వాత ఎన్ని రోజులు గుడ్లు మానాలో ఆయన్నే అడిగి చీటీ మీద రాయించుకోండి. ఆ గుడ్లు పాపకు పెట్టొద్దు, అమ్మొద్దు, గొయ్యి తీసి పూడ్చండి. రెండో బాతు గుడ్లు కడిగి, సొన గట్టిపడేదాకా ఉడికించి తినొచ్చు.

పాపను పుండు ముట్టనివ్వకండి, ఆమె చేతికి ఏ చిన్న గీత ఉన్నా ప్రమాదమే. చేయడానికి ఆమెకు వేరే పనులు చాలా ఉన్నాయి. మునగాకు దూయడం, రోజూ ఫొటో తీయడం, గడ్డి తడిసిందేమో చూసి చెప్పడం, వాకిట్లో ముళ్లు, కంకర పలుకులు ఏరి డబ్బాలో వేయడం ఆమెకు అప్పజెప్పండి. ఏరేటప్పుడు కాళ్లకు చెప్పులు, తర్వాత చేతులకు సబ్బు తప్పనిసరి. వారం తర్వాత ఆ ఫొటోలతో మళ్లీ రాయండి.